యల్లాప్రగడ వారి గాజుగొట్టం, మన కల్వం

ఆయుర్వేద సభలకు నలభై ఏళ్ళుగా వెళుతున్నాను. ప్రతి సభలోను ఎవరో ఒక వక్త డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు తలవక మానరు. “అంతటి శాస్త్రవేత్త మన ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పినవారే!” అనగానే చప్పట్లు మ్రోగుతవి. ఆ మాట చెప్పి చప్పట్లు అందుకున్న వక్తలలో నేనూ ఒకడిని. కాని కొంతకాలంగా ఆ మాట అనబోయినపుడు నోరు తడబడుతున్నది. ఆయన ఆ కళాశాలలో ఉన్నది స్వల్పకాలం. అక్కడినుండి దేనిని వెదుకుతూ వెళ్ళిపోయారు, వెళ్ళి ఏమి నేర్చారు, నేర్చినదానిలో మనం గ్రహించినదెంత? ఈ మూడు ప్రశ్నలను మన సభలలో ఎవరూ వేయరు.

సుబ్బారావుగారిని లోకం వైద్యుడుగా, మందులు కనిపెట్టిన మహనీయుడుగా ఎరుగును. నా దృష్టిలో ఆయన మొదట విశ్లేషకుడు. ఒక పదార్థంలో ఏమున్నది, ఎంత ఉన్నది అని తేల్చి చెప్పే రసాయన శాస్త్రవేత్త. తక్కిన ఘనతలన్నీ ఆ పునాదిమీద లేచినవే.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చదువులో మొదటినుండి మెరిసిన బాలుడు కాడు. మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి మూడు ప్రయత్నాలు కావలసి వచ్చినవి. పిల్లవాడు ఒకసారి తప్పితే ఇల్లంతా మిన్ను విరిగి పడినట్లు కూర్చునే తల్లిదండ్రులకు ఈ సంగతి చెబుతూ ఉంటాను. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతున్నపుడు గాంధీగారి పిలుపునందుకొని శస్త్రచికిత్సకు ఖద్దరు అంగీ ధరించి వెళ్ళారు. ఆచార్యునికి ఆగ్రహం వచ్చినది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం కొరకు ప్రయత్నించారు, రాలేదు. అప్పుడు ఆదుకొన్నది మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారు నడిపిన ఆయుర్వేద కళాశాల. అందులో శరీర రచనా శాస్త్రం బోధించారు. మన ఔషధాల శక్తిని కళ్ళారా చూచినది అక్కడనే. ఈ మందులు పనిచేస్తున్నవి నిజమే, ఎట్లా పనిచేస్తున్నవి, వీటిలో ఉన్నదేమిటి అన్న జిజ్ఞాస ఆయనను పట్టుకొన్నది. సమాధానం వెదకడానికి కావలసిన పనిముట్లు ఇక్కడ లేవు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేసిన సాయం, మామగారు సమకూర్చిన ధనం వెంటబెట్టుకొని 1923 అక్టోబరు 26న ఆయన బోస్టన్ నగరంలో అడుగుపెట్టారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వ్యాధులను గూర్చి చదివారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచే పని చేశారు. తరువాత సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద జీవరసాయన శాఖలో చేరారు. పట్టా పుచ్చుకొన్న వైద్యుడు వైద్యం విడిచి గాజుగొట్టాల ముందు కూర్చున్నాడన్నమాట.

ఫిస్క్ ఆయనకు అప్పగించిన పని వినడానికి చాల చిన్నది. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో సులభంగా, నమ్మకంగా కొలిచే ఉపాయం కావాలి. అంతకుముందు పద్ధతులు లేకపోలేదు గాని వాటిని గట్టిగా నమ్ముకొనే వీలు లేదు. వీరిద్దరు కలిసి రూపొందించిన పద్ధతి 1925లో ప్రచురితమైనది. దానిని నాకు తెలిసినంతలో పాఠకులకు విన్నవిస్తాను. ముందు రక్తంలోని మాంసకృత్తులను తొలగించి తేట ద్రవం తీస్తారు. అందులో ఆమ్లంతో కూడిన మాలిబ్డేటు లవణం కలుపుతారు. భాస్వరం దానితో జత కడుతుంది. ఆపైన మరొక ద్రవ్యం చేర్చగా నీలవర్ణం పుడుతుంది. భాస్వరం ఎక్కువైతే నీలం చిక్కన, తక్కువైతే పలుచన. తెలిసిన మోతాదు భాస్వరం ఉన్న గొట్టాన్ని ప్రక్కన పెట్టి, రెంటి రంగును సరిపోల్చి లెక్క కడతారు. ఇంతే. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో దానిని ప్రపంచమంతటా జీవరసాయన శాస్త్ర విద్యార్థులు నేటికీ నేర్చుకుంటున్నారు.

అసలు కథ ఆ తరువాతిది. అదే పద్ధతితో వారు కండరపు రసాన్ని పరీక్షించినపుడు రంగు వెంటనే రాలేదు. రక్తంలో చప్పున పూర్తి అయ్యే నీలం ఇక్కడ మెల్లమెల్లగా చిక్కబడుతూ వచ్చినది. మనలాంటి వాడైతే ఏమనుకొంటాడు? మందు పాతదనో, గొట్టం సరిగా కడగలేదనో సరిపెట్టుకొని ఇంకొక పావుగంట ఆగి లెక్క వ్రాసుకుంటాడు. వారు ఆ ఆలస్యాన్నే పట్టుకొన్నారు. కండరంలో భాస్వరం దేనితోనో ముడిపడి ఉన్నదని, ఆమ్లం తగిలిన కొద్దీ ఆ ముడి విడిపోతున్నదని, అందువలననే రంగు నిదానంగా వస్తున్నదని ఊహించి శోధించారు. 1927లో దాని గుట్టు బయటపెట్టారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1929లో సర్వజీవులకు శక్తిని అందించే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను వేరుపరచారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడ అదే సంవత్సరం దానిని కనుగొన్నారు. కండరం ముడుచుకొనడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుండి వస్తుందని అప్పటివరకు పండితులు నమ్మేవారు. ఆ పరిశోధనకు 1922 నోబెల్ బహుమతి కూడ వచ్చి ఉన్నది. ఆ నమ్మకాన్ని కదిలించినది, ఒక గొట్టంలో రంగు ఆలస్యంగా రావడాన్ని ఉపేక్షించని చూపు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది. బోదకాలు రోగానికి కారణమైన క్రిములపై పనిచేసే హెట్రజాన్, బాలల రక్తపు క్యాన్సర్‌పై సిడ్నీ ఫార్బర్ తొలిసారి ప్రయోగించి చూచిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవినాశకం, ఇవన్నీ అక్కడివే. 1948 ఆగస్టులో నిద్రలోనే ప్రాణం విడిచారు. వయస్సు యాభై మూడు. పోయిన తరువాత మరల మాతృదేశాన్ని చూడనే లేదు. 1995లో శతజయంతికి మన ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసినది.

ఇక అదే బోస్టన్ నగరానికి సంబంధించిన మరొక ముచ్చట. ఇది మనకు చప్పట్లు తెచ్చేది కాదు. అక్కడి వైద్య పరిశోధకులు నగర సభా భవనానికి 20 మైళ్ళ లోపల ఉన్న దుకాణాలలో, దక్షిణాసియాలో తయారైన ఆయుర్వేద మందులు 70 రకాలు కొని పరీక్ష చేయించారు. 14 మందులలో భారలోహాలున్నవి. 13 రకాలలో సీసం, 6 రకాలలో పాదరసం, 6 రకాలలో ఆర్సెనిక్. ఈ ఫలితాలు 2004 డిసెంబరులో అమెరికా వైద్య సంఘం పత్రికలో వెలువడినవి. మన ఔషధాలలో ఏమున్నదో తెలుసుకొనగోరి మన వాడొకడు 1923లో ఏ ఊరికి వెళ్ళాడో, ఎనభై ఏళ్ళ తరువాత ఆ ఊరివారే కొలిచి మనకు తెలియజెప్పారు.

ఆనాడు మన వైద్యులలో కలిగిన ఆగ్రహం నాకు బాగా జ్ఞాపకమున్నది. కుట్ర అన్నారు. రసశాస్త్రం తెలియనివారి మాటలన్నారు. రసౌషధాలలో పాదరసం ఉండక ఏముంటుందన్నారు. ఈ చివరి మాటలో కొంత న్యాయమున్నది. శోధించి, మారణం చేసి, మోతాదు ఎరిగి, వైద్యుడు తన చేతితో ఇచ్చే రసౌషధం వేరు. కాని కిరాణా దుకాణపు బల్లమీదనుండి ఎవరైనా కొనుక్కొనిపోయే సీసాలో సీసం ఉండడాన్ని ఏ సంహిత సమర్థించును? 2006 జనవరి నుండి విదేశాలకు పంపే మూలికా ఔషధాలకు భారలోహ పరీక్షను ప్రభుత్వం తప్పనిసరి చేసినది. మంచిదే. ముందుగా జాగ్రత్త కలిగినది పరాయివాని కడుపు గురించి కావడం మాత్రం నాకు నేటికీ మింగుడు పడదు.

మా గురువుగారి ఇంట నేను విద్య నేర్చినపుడు కొలత అన్నది పరాయి విద్య కాదు. గురివెంద గింజలతో తూకం వేసేవాళ్ళం. ఒక గింజ తొలిచినట్లు కనబడితే గురువుగారు తీసి పారవేసేవారు. భస్మం సిద్ధమైనదా లేదా అన్నదానికి పరీక్షలు వరుసగా జరిగేవి. నీటిమీద తేలాలి. బొటనవ్రేలికి చూపుడు వ్రేలికి నడుమ రుద్దితే వ్రేళ్ళ గీతలలో దూరాలి. ఎండలో పెడితే మెరుపు ఉండరాదు. చివరిది నిరుత్థ పరీక్ష. భస్మాన్ని తూచిన వెండి ముక్కతో కలిపి కాల్చి, చల్లారిన తరువాత ఆ వెండిని మరల తూచాలి. వెండి బరువు పెరిగినదా, భస్మంలో లోహం ఇంకా మిగిలి ఉన్నట్లే. తిరిగి పుటం వేయవలసిందే. ఇది విశ్లేషణ కాక మరేమిటి? మన పూర్వులు తమ కాలంలో ఉన్న త్రాసుతో ఎంత సూక్ష్మంగా చూడగలరో అంతా చూచారు. నేటి త్రాసు ఇంకా సూక్ష్మమైనది. మూలికా ఔషధంలో సీసం పది లక్షల పాళ్ళకు 10 పాళ్ళు మించరాదు, పాదరసం 1, ఆర్సెనిక్ 3, కాడ్మియం 0.3. అనగా టన్ను చూర్ణంలో పది గ్రాముల సీసం హద్దు. వ్రేళ్ళ గీతలకు ఇది ఎట్లా తెలుస్తుంది?

ఇతరులను అనడమేల, నా సంగతే చెబుతాను. పదిహేనేళ్ళ క్రితం మాట. ప్రదర రోగంతో బాధపడుతున్న ఒక గృహిణికి అశోక పట్టతో క్షీరపాకం చేసుకొని త్రాగమని ఇచ్చాను. నా చేతిమీదుగా ఎందరికో నయమైన మందు. ఆమెకు నెల గడిచినా గుణం కనబడలేదు. పులుపు మానలేదా అని అడిగాను. మానేశానన్నది. కారం? మానేశానన్నది. పగటి నిద్ర? ఇద్దరు పిల్లల తల్లికి పగటి నిద్ర ఎక్కడిదండీ అన్నది. అయినా నా నమ్మకం మందుమీదనే గాని ఆమె మాటమీద లేదు. పథ్యం ఎక్కడో తప్పుతున్నావమ్మా అని మందలించి, అదే మందు మరి రెండు నెలలు ఇచ్చాను.

ఆ రోజులలో మా వీధిలో రసాయన శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఒక పెద్దమనిషి ఉండేవారు. మోకాళ్ళ నొప్పికి తైలం కొరకు వచ్చి, మాటలలో, “ఆచార్యులవారూ, మీ పట్ట అశోకదేనని మీకెట్లా తెలుసు?” అన్నారు. నాకు కోపం వచ్చినది. రుచి చూచి చెబుతానన్నాను. ఆయన నవ్వి, గుడి తోటలో అందరికీ తెలిసిన అశోకవృక్షం ఒకటి ఉన్నది కదా, దాని పట్ట కాస్త, మీ బస్తాలోది కాస్త ఇవ్వండన్నారు. వారం తరువాత ఒక గాజుపలక తెచ్చి చూపారు. దానిమీద పలుచని తెల్లని పూత. అడుగున రెండు చోట్ల రెండు పట్టల సారం చుక్కగా పెట్టి, పలక అంచును ఒక ద్రవంలో నిలిపారట. ద్రవం పైకి ప్రాకుతూ సారంలోని పదార్థాలను ఒక్కొక్కదానిని ఒక్కొక్క ఎత్తులో విడిచిపెట్టి పోతుందట. ఒకే పట్ట అయితే రెండు వరుసలు కవలపిల్లల వలె ఉండాలి. నా కళ్ళముందున్నవి ఒకదానికొకటి పొంతన లేని వరుసలు. “ఇది ఏ చెట్టో నేను చెప్పలేను. అశోకం మాత్రం కాదు” అన్నారాయన.

పట్ట అమ్మిన వర్తకుని పిలిపించాను. అతడు ఏమాత్రం తొట్రుపడలేదు. “అశోకమేనండీ. ఇళ్ళముందు, బడులముందు నిలువుగా పెరగదూ, అదేనండీ” అన్నాడు. జనం అశోకమని పిలిచే నరమామిడి అది. అసలు అశోకానికి గుత్తులుగా ఎర్రని పూలు పూస్తవి. దీనికి ఆ పూలూ లేవు, ఆ గుణమూ లేదు. అతడు మోసగాడు కాడు. పేరును నమ్మాడు. నేను అతనిని నమ్మాను. నా నాలుక కూడ నన్ను మోసగించినది. రెండూ వగరే మరి.

ఆమె ఇంటికి నేనే వెళ్ళాను. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7 గ్రాములు ఉన్నది. తప్పు నీది కాదమ్మా, నాదని చెప్పాను. ఆమె కాసేపు ఊరుకొని, “అయితే ఆవకాయ తినవచ్చునాండీ? మూడు నెలలయింది” అన్నది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. వెంటనే స్త్రీవైద్యురాలి వద్దకు పంపాను. ఆమె పరీక్షించి చికిత్స చేస్తూ ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్రలు వ్రాశారు. నాలుగు నెలలకు ముఖాన రక్తం కనబడినది. ఆ మాత్రల పొట్లం చేతిలోకి తీసుకొని చూచినపుడు నాకు సుబ్బారావుగారు గుర్తుకు వచ్చారు. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుండి రవ్వంత సత్తు తీసి, ఆకునుండి వచ్చినదని లాటిన్ భాషలో ఫోలిక్ అని పేరు పెట్టారు. దానిని ప్రయోగశాలలో తయారుచేసే మార్గం కనిపెట్టినది ఆయన బృందమే. ఆయన తోబుట్టువును బలిగొన్న స్ప్రూ వ్యాధికి కూడ ఆ మందు పనికివచ్చినది. మన శాస్త్రం గ్రహణి అని వర్ణించిన బాధలకు చాల దగ్గర వ్యాధి అది.

మా తోటి వైద్యులు నన్ను అడుగుతూ ఉంటారు. మీ గాజుపలక వాత పిత్త కఫాలను కొలుస్తుందా? రసం, గుణం, వీర్యం, విపాకం చెబుతుందా? చెప్పదు. చెబుతుందని ఏ రసాయన శాస్త్రవేత్త నాతో అనలేదు. ఈ రోగికి ఈ ఋతువులో ఈ మందు తగునా అన్నది నాడి పట్టిన వైద్యుడు తేల్చవలసిన విషయం. కాని నా చేతిలోని పట్ట ఏ చెట్టుదో తెలియనపుడు దాని వీర్యాన్ని గురించి నేను చెప్పే శ్లోకం ఎవరికి ఉపకరిస్తుంది? రసాయన శాస్త్రవేత్తలతో నాకు పేచీ లేదని కాదు. ఒక మూలికలో ఒక పదార్థాన్ని వేరు చేసి, అదే మూలిక సర్వస్వమని, తక్కినదంతా పిప్పి అని వారిలో కొందరు తీర్మానిస్తారు. దానికి నేను ఒప్పుకోను. ఆ వాదం ఇంకొక వ్యాసంలో చేస్తాను.

ఈ పత్రిక చదివే గృహిణులు ఇంట్లో గాజుపలకలు పెట్టుకోలేరు. చేయగలిగినవి మాత్రం ఉన్నవి. శొంఠి, పిప్పళ్ళు, కరక్కాయ, తానికాయ, ఎండు ఉసిరిక నిండు కాయలుగా, కొమ్ములుగా కొని ఇంటనే దంచుకోండి. చూర్ణం అయిన తరువాత ఏది ఏదో నాకూ తెలియదు, మీకూ తెలియదు. మరీ ధగధగలాడే పసుపు కొమ్ములను చూచి మురిసిపోకండి. సీసపు రంగు పూసి అమ్మడం పరిశోధకులు పట్టుకొన్న విషయమే. భస్మాలు, సిందూరాలు చేర్చిన మందులు పొరుగింటివారి మాట విని కొనవద్దు. పసిపిల్లలకు, గర్భిణులకు అసలే వద్దు. తయారీదారును ఈ సరుకుకు భారలోహ పరీక్ష చేయించారా అని ఉత్తరం వ్రాసి అడగండి. నూరుమంది అడిగితే ఒకడు సిగ్గుపడతాడు.

ఆ పెద్దమనిషి కాలధర్మం చెందారు. పోయేముందు పలక పెట్టడం నాకూ, మా అబ్బాయికీ నేర్పి వెళ్ళారు. మా కల్వాలు పెట్టే అరుగుమీదనే ఇప్పుడు ఆ గాజు పలకలు కూడ ఉన్నవి. గుడి తోటలోని చెట్టు పట్టను ఒక సీసాలో దాచి, వచ్చిన ప్రతి బస్తాను దానితో సరిపోల్చి చూస్తాము. గడచిన సంవత్సరం రెండు బస్తాలు తిప్పి పంపాను. పట్ట పంపేది ఆ వర్తకుడే. ఇప్పుడు అతడు బండి దింపుతూనే, “అయ్యగారూ, ముందు పలక చూడండి, డబ్బు రేపు తీసుకుంటాను” అంటున్నాడు.